విశ్వవిద్యాలయ షేర్డ్ డ్రైవ్‌లో ఫైళ్లు, ఫోల్డర్ల అనుమతులను ఎలా చక్కదిద్దుకోవాలి?

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. విభాగాలన్నిటికీ కలిపి ఒక విండోస్ ఫైల్ సర్వర్ ఉంది. దాని బాధ్యత ఈ మధ్యే మీకు అప్పగించారు. ఇన్నాళ్లూ ఎవరు అడిగితే వారి పేరు మీద అనుమతి ఇచ్చుకుంటూ వచ్చారు కాబట్టి, ఏ ఫోల్డర్ ఎవరెవరికి తెరుచుకుంటుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఒక విభాగం ఫోల్డర్ ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. ఒక శాఖాధిపతి "అందరూ రాయగలగాలి, ఎవరూ తొలగించలేకుండా ఉండాలి" అని పట్టుబడుతున్నారు. పదవీ విరమణ చేసినవారి ఫోల్డర్లు మీకు కూడా తెరుచుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నా సమాధానం ఇది. అనుమతులను గ్రూపుల పేరు మీదే ఇవ్వండి. పై రెండు అంతస్తుల ఫోల్డర్ల దగ్గరే ఇవ్వండి. ఆ కిందనున్నదంతా పైనుంచి వారసత్వంగా రానివ్వండి. ఫైళ్లు మార్చుకోవాల్సినవారికి 'మాడిఫై' (చదవడం, రాయడం, తొలగించడం) సరిపోతుంది. 'ఫుల్ కంట్రోల్' (అనుమతులనే మార్చే హక్కు కూడా కలిసినది) సర్వర్ నిర్వాహకులకు తప్ప ఇంకెవరికీ వద్దు, అడిగినవారు ఎంత పెద్దవారైనా సరే. 'డినై' (నిరాకరణ) గడి జోలికి అసలు వెళ్లకండి. ఇక ఇప్పుడున్న చిక్కుముడిని ఉన్నచోటే విప్పాలని చూడకండి. పక్కనే కొత్త ఫోల్డర్ల నిర్మాణం సిద్ధం చేసి, ఒక్కో విభాగాన్నీ అందులోకి తరలించండి.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్‌లో ఫైల్ సర్వర్లు చూసుకుంటాను. మీరు చెప్పినవన్నీ మా దగ్గరా జరిగినవే. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను. కారణం తెలిస్తేనే శాఖాధిపతి ఎదుట కూర్చుని 'కుదరదు' అని చెప్పగలుగుతారు.

సర్వర్ చూసేది రెండు చోట్ల

నెట్‌వర్క్ మీదుగా ఎవరైనా ఒక ఫైలు తెరిస్తే సర్వర్ రెండు రకాల అనుమతులు చూస్తుంది. ఒకటి షేర్ అనుమతి, అంటే నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్ మొత్తానికి పెట్టేది. అందులో రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్ అని మూడే మెట్లు ఉంటాయి. రెండోది డిస్కు మీద ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) అనుమతి. ఇది ప్రతి ఫోల్డర్‌కూ, ప్రతి ఫైలుకూ ఉంటుంది. రెండిట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. సర్వర్ ముందు కూర్చుని నేరుగా తెరిచినా, రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరిచినా షేర్ అనుమతి లెక్కలోకి రాదు. "సర్వర్ దగ్గర తెరుచుకుంటోంది, నా గదిలో తెరుచుకోవడం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే మూలం.

షేర్ స్థాయిలో అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి, కట్టడి అంతా ఎన్‌టీఎఫ్ఎస్‌లో చేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. నేను దానితో ఏకీభవించను. షేర్ స్థాయిలో 'అథెంటికేటెడ్ యూజర్స్'కు (లాగిన్ అయినవారందరికీ) చేంజ్ మాత్రమే ఇవ్వండి, నిర్వాహకుల గ్రూపుకు మాత్రమే ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. ఎందుకంటే విండోస్‌లో ఫైలును సృష్టించినవారే దాని యజమాని. యజమానికి ఆ ఫైలు అనుమతులను మార్చే హక్కు అనుమతుల పట్టికలో రాసి ఉన్నా లేకపోయినా ఉంటుంది. అంటే విభాగం ఫోల్డర్‌లో తాను చేసుకున్న చిన్న ఫోల్డర్ నుంచి ఒక అధ్యాపకుడు మిగతావారందరినీ తీసేయగలడు. మా దగ్గర ఒకరు సెలవు మీద వెళ్తూ ఇంటర్నల్ మార్కుల ఫోల్డర్‌కు ఇలాగే చేశారు. భద్రంగా ఉంటుందన్నదే ఆయన ఉద్దేశం. మార్కులు పంపాల్సిన రోజున అది సహ అధ్యాపకులెవరికీ తెరుచుకోలేదు. షేర్ స్థాయిలో చేంజ్ మాత్రమే ఉంటే, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవారెవరూ, యజమాని అయినా సరే, అనుమతులను మార్చలేరు. ఒక్క గడితో ఇంత పెద్ద సమస్య తీరుతుంది.

గ్రూపులు రెండు అంచెలుగా

మొదటి అంచె మనుషులు చేసే పనిని బట్టి: భౌతికశాస్త్రం అధ్యాపకులు, భౌతికశాస్త్రం కార్యాలయ సిబ్బంది, భౌతికశాస్త్రం పరిశోధక విద్యార్థులు. ఇవి విండోస్‌లో గ్లోబల్ అనే రకం గ్రూపులు. రెండో అంచె ఫోల్డర్‌ను బట్టి: 'భౌతికశాస్త్రం-బోధన-చదువు', 'భౌతికశాస్త్రం-బోధన-మార్పు'. ఇవి డొమైన్ లోకల్ అనే రకం గ్రూపులు. మనిషి పేరు మొదటి అంచెలోకి వెళ్తుంది, మొదటి అంచె గ్రూపు రెండో అంచెలోకి వెళ్తుంది, ఫోల్డర్ మీద అనుమతి రెండో అంచె గ్రూపుకే ఉంటుంది.

ఇంత తతంగం ఎందుకని మొదట్లో అనిపిస్తుంది. కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ చేరిన రోజున దీని విలువ తెలుస్తుంది. ఆమె పేరును ఒకే ఒక్క గ్రూపులో చేరుస్తారు. ఆమెకు రావాల్సిన ఫోల్డర్లన్నీ వచ్చేస్తాయి. బదిలీ అయినవారిని ఒక గ్రూపు నుంచి తీస్తే అన్నీ పోతాయి. 'ఈ ఫోల్డర్ ఎవరెవరు చూడగలరు?' అని రిజిస్ట్రార్ కార్యాలయం అడిగితే, గ్రూపు సభ్యుల జాబితాను అచ్చు తీసి పంపవచ్చు. పేర్ల మీద అనుమతులు ఇచ్చినచోట ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే డిస్కు మొత్తం గాలించాలి.

గ్రూపులో ఎవరుండాలో నిర్ణయించే పని మీది కాదు. అది శాఖాధిపతిది. ప్రతి ఫోల్డర్‌కూ ఆ విభాగం నుంచి ఒక బాధ్యుడి పేరు రాయించుకోండి, ఆయన నుంచి లిఖితపూర్వకంగా వస్తేనే చేర్చండి. ఏడాదికి ఒకసారి, విద్యా సంవత్సరం మొదట్లో, ఆ జాబితాను ఆయనకే పంపి సరిచూడమనండి. అతిథి అధ్యాపకుల అకౌంట్లకూ, పరిశోధక విద్యార్థుల అకౌంట్లకూ యాక్టివ్ డైరెక్టరీలో (అకౌంట్లు, గ్రూపులు నమోదై ఉండే చోట) గడువు తేదీ పెట్టండి. వీరు వెళ్లిపోయిన సంగతి కంప్యూటర్ సెంటర్‌కు చెప్పాలని ఎవరికీ గుర్తుండదు.

ఒక చిన్న విషయం, కానీ ఫోన్లు ఎక్కువగా దీని గురించే వస్తాయి: గ్రూపులో చేర్చిన వెంటనే అనుమతి రాదు. ఎవరు ఏ గ్రూపుల్లో ఉన్నారన్నది లాగిన్ అయ్యేటప్పుడే నమోదవుతుంది. కాబట్టి ఆ వ్యక్తి లాగ్ఆఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. స్క్రీన్ లాక్ చేసి తీస్తే చాలదు. ఇది చెప్పకపోతే 'ఇంకా తెరుచుకోవడం లేదు' అని వారు ఫోన్ చేస్తారు, మీరు అక్కరలేని అనుమతులు జోడిస్తూ పోతారు.

ఫోల్డర్ల నిర్మాణం అనుమతులను బట్టే ఉండాలి

విభాగాలవారు విషయాన్ని బట్టి ఫోల్డర్లు చేసుకుంటారు. మీరు చేసే పై రెండు అంతస్తులు మాత్రం 'ఎవరు చూడాలి' అన్నదాన్ని బట్టి ఉండాలి. మేము వాడే పద్ధతి: మొదటి అంతస్తులో విభాగం పేరు. రెండో అంతస్తులో బోధన, పరిశోధన, కార్యాలయం, కమిటీలు, అందరికీ. అనుమతులు ఈ రెండో అంతస్తు దగ్గరే ఆగిపోతాయి. దాని కింద వారు ఎన్ని ఫోల్డర్లయినా చేసుకోవచ్చు, మీరు వాటిలోకి తొంగి చూడాల్సిన పని ఉండదు.

"కమిటీల ఫోల్డర్‌లో ఈ ఒక్క ఫోల్డర్ మాత్రం ఇద్దరికే కనిపించాలి" అని కచ్చితంగా అడుగుతారు. అప్పుడు ఎక్కడో అయిదో అంతస్తులో వారసత్వాన్ని తెంచకండి. ఆ ఫోల్డర్‌ను పైకి తెచ్చి రెండో అంతస్తులో సొంత గ్రూపుతో నిలబెట్టండి. లోపల ఒక్కచోట వారసత్వం తెగితే, ఆ తర్వాత పైన చేసే ఏ మార్పూ అక్కడికి చేరదు. అది అక్కడ ఉందని రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) పత్రాల విషయంలో ఇది ప్రతిచోటా ఎదురవుతుంది. ప్రతి విభాగమూ తన ఫోల్డర్ లోపల 'న్యాక్' అని ఒక ఫోల్డర్ చేసి, ఐక్యూఏసీ (విశ్వవిద్యాలయ అంతర్గత నాణ్యతా విభాగం) వారికి అందులోకి దారి ఇమ్మంటుంది. అలా ఇస్తూ పోతే ఐక్యూఏసీ సభ్యులకు విశ్వవిద్యాలయంలోని ప్రతి విభాగంలోనూ ఒక సందు తెరిచినట్టే. దాని బదులు ఐక్యూఏసీ పేరుతోనే మొదటి అంతస్తులో ఒక ఫోల్డర్ పెట్టండి. ఏడు ప్రమాణాలకు ఏడు ఫోల్డర్లు, ఒక్కోదానికి దాని బృందానికి మార్చే గ్రూపు, విభాగాల సమన్వయకర్తలందరికీ చదివే గ్రూపు. పత్రాలు అక్కడికే వస్తాయి, విభాగాల తలుపులు మూసే ఉంటాయి.

దీనితో పాటు షేర్ మీద 'యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్' ఆన్ చేయండి. చదివే అనుమతి లేని ఫోల్డర్లు అసలు కనిపించవు. తాళం వేసిన ఫోల్డర్ కనిపిస్తేనే 'అది నాకెందుకు తెరుచుకోదు' అనే ప్రశ్న పుడుతుంది. కనిపించకపోతే సగం విజ్ఞప్తులు రావు.

మాయమైన ఫోల్డర్

బ్యాకప్ నుంచి తీసే ముందు పక్క ఫోల్డర్లలో వెతకండి. 'మాయమైంది' అన్న ఫోల్డర్లు ఎక్కువగా పక్కదానిలోకి జారినవే. ఎడమవైపు ఫోల్డర్ల జాబితాలో ఒకదాని మీద క్లిక్ చేస్తున్నప్పుడు మౌస్ కాస్త జరిగితే, ఆ ఫోల్డర్ మొత్తం పైదానిలోకో కిందిదానిలోకో వెళ్లిపోతుంది. చేసినవారికే తెలియదు. మా దగ్గర రసాయనశాస్త్రం వారి 'పరిశోధన' ఫోల్డర్ ఒకసారి 'బోధన'లోని పాత సిలబస్ ఫోల్డర్‌లో దొరికింది.

దీన్ని అనుమతులతోనే ఆపవచ్చు. మార్చే గ్రూపుకు రెండో అంతస్తు ఫోల్డర్ మీద ఒకే పద్దు బదులు రెండు పద్దులు రాయండి. మొదటిది 'దిస్ ఫోల్డర్ ఓన్లీ' అని ఎంచుకుని: చదవడం, లోపల ఫైళ్లు సృష్టించడం, లోపల ఫోల్డర్లు సృష్టించడం. రెండోది 'సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ' అని ఎంచుకుని: మాడిఫై. పైనున్న విభాగం ఫోల్డర్ మీద 'దిస్ ఫోల్డర్ ఓన్లీ'తో చదివే అనుమతి మాత్రమే ఉండాలి. ఇప్పుడు లోపల ఏం చేసుకున్నా చేసుకోవచ్చు, 'పరిశోధన' అనే ఫోల్డర్‌ను మాత్రం కదపలేరు, పేరు మార్చలేరు, తొలగించలేరు. ఒక ఫోల్డర్‌ను తొలగించాలంటే దాని మీద తొలగించే హక్కయినా ఉండాలి, పై ఫోల్డర్ మీద 'లోపలివాటిని తొలగించే' హక్కయినా ఉండాలి. ఈ అమరికలో రెండూ లేవు. ఫుల్ కంట్రోల్ ఇవ్వవద్దని ముందే అనడానికి ఇదీ ఒక కారణం: ఆ రెండో హక్కు ఫుల్ కంట్రోల్‌లో కలిసి ఉంటుంది, మాడిఫైలో ఉండదు.

"రాయగలగాలి, తొలగించలేకుండా ఉండాలి"

ఈ కోరికలో తప్పేమీ లేదు. కానీ వర్డ్, ఎక్సెల్ పనిచేసే తీరుతో ఇది పొసగదు. వర్డ్‌లో సేవ్ నొక్కితే పాత ఫైలు మీదే రాయదు. పక్కన ఒక తాత్కాలిక ఫైలు రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. పేరు మార్చడానికీ, తప్పించడానికీ తొలగించే హక్కు కావాలి. ఆ హక్కు తీసేస్తే సేవ్ విఫలమవుతుంది, ఫోల్డర్ నిండా టీఎంపీ ఫైళ్లు పేరుకుపోతాయి. పైగా, రాయగలిగినవారు ఫైలులోని అక్షరాలన్నీ ఎంచుకుని చెరిపేసి సేవ్ చేయగలరు. ఫైలు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. తొలగింపును ఆపినంత మాత్రాన నష్టం ఆగదు.

శాఖాధిపతికి నిజంగా కావాల్సింది పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోగలగడం. నెట్‌వర్క్ డ్రైవ్‌లో తొలగించిన ఫైలు ఎవరి రీసైకిల్ బిన్‌లోకీ వెళ్లదు, ఇది చాలామందికి తెలియదు. కాబట్టి సర్వర్‌లో షాడో కాపీలు (ఆయా వేళల్లో ఫైళ్లు ఎలా ఉన్నాయో నిలిపి ఉంచే ప్రతులు) ఆన్ చేయండి. మామూలు అమరికలో సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు ఒక్కో ప్రతి తీస్తుంది. ఒక వాల్యూమ్‌కు (డీ: లాంటి ఒక డ్రైవ్‌కు) 64 ప్రతుల వరకు నిలుస్తాయి, ఆ తర్వాత పాతవి పోతాయి. మన విశ్వవిద్యాలయాల్లో శనివారం కూడా పని ఉంటుంది కాబట్టి ఆ రోజును చేర్చండి, సాయంత్రం ఒక ప్రతి పెంచండి. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి 'ప్రీవియస్ వెర్షన్స్' తెరిస్తే నిన్నటి ఫైలు కనిపిస్తుంది. అధ్యాపకులకు ఒక్కసారి చేసి చూపించండి, మీ దాకా రాకుండానే తెచ్చుకుంటారు. అయితే ఇది బ్యాకప్ కాదు. డిస్కు పాడైతే ఇవీ పోతాయి. వేరే యంత్రంలో, నెట్‌వర్క్ నుంచి విడదీసిన ప్రతి ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

రాయడం, తొలగించడం విడదీయగలిగే సందర్భం ఒకటుంది: ఫైలును తెచ్చి పెట్టి వెళ్లిపోయే చోట. విద్యార్థులు ప్రాజెక్టు నివేదికలు సమర్పించే ఫోల్డర్ అలాంటిది. ఫోల్డర్ మీద చూడటం, ఫైళ్లు సృష్టించడం. ఫైళ్ల మీద 'క్రియేటర్ ఓనర్'కు (ఆ ఫైలును సృష్టించినవారికి) చదవడం మాత్రమే. తాము పెట్టింది తమకు కనిపిస్తుంది, పక్కవారిది కనిపించదు, ఒకసారి పెట్టాక మార్చలేరు. ముందుగా ఒక పరీక్ష అకౌంట్‌తో సరిచూసుకోండి. మీ దగ్గర మూడుల్ (ఆన్‌లైన్ బోధనా వేదిక) ఉంటే మాత్రం అదే వాడండి, సమర్పించిన సమయం కూడా నమోదవుతుంది.

డినై ఎందుకు వద్దంటున్నాను

విశ్వవిద్యాలయంలో ఒకే మనిషి రెండు పాత్రల్లో ఉంటారు. పీహెచ్‌డీ చేస్తూ తరగతులు చెప్పేవారు విద్యార్థుల గ్రూపులోనూ ఉంటారు, బోధనా సిబ్బంది గ్రూపులోనూ ఉంటారు. 'విద్యార్థులకు డినై' అని ఒక గీత గీసిన మరుక్షణం వీరు తమ పాఠాల ఫోల్డర్ నుంచే బయటికి వెళ్లిపోతారు. ఇంకో చిక్కు, డినై అన్నిసార్లూ గెలవదు. విండోస్ ముందుగా ఆ ఫోల్డర్ మీదే రాసిన డినైని చూస్తుంది, తర్వాత అక్కడే రాసిన అలౌ, ఆ తర్వాతే వారసత్వంగా వచ్చిన డినై, చివర వారసత్వపు అలౌ. పైన డినై పెట్టి నిశ్చింతగా ఉంటే, కింద ఎవరో రాసిన ఒక్క అలౌ దాన్ని దాటిపోతుంది. అనుమతి ఇవ్వకపోవడమే చాలు, లేనిదాన్ని మళ్లీ నిరాకరించాల్సిన పని లేదు.

జరిపితే ఒకటి, కాపీ చేస్తే ఒకటి

కాపీ చేసిన ఫైలు కొత్త ఫోల్డర్ అనుమతులు తీసుకుంటుంది. అదే వాల్యూమ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌లోకి జరిపిన ఫైలు మాత్రం తన పాత అనుమతులనే వెంట తెచ్చుకోవచ్చు. అందరికీ తెరిచి ఉన్న ఫోల్డర్ నుంచి పరీక్షల విభాగం ఫోల్డర్‌లోకి జరిపిన ఫైలు, ఆ ఫోల్డర్ లోపల ఉండి కూడా అందరికీ తెరుచుకునేలా ఉండిపోతుంది. ఫోల్డర్ తెరుచుకోదు కదా అని ధైర్యపడకండి. మామూలు అమరికలో విండోస్ మధ్య ఫోల్డర్ల అనుమతులు చూడదు. పూర్తి దారి తెలిసినవారు నేరుగా ఆ ఫైలును తెరవగలరు. అందుకే పరీక్షల విభాగాన్నీ, సిబ్బంది సేవా రికార్డులనూ వేరే వాల్యూమ్‌లో పెట్టమంటాను. వాల్యూమ్ మారితే జరపడం కూడా కాపీ చేసి తొలగించడమే అవుతుంది, అనుమతులు వాటంతట అవే సరిపోతాయి. ఇప్పటికే కలగాపులగమైన ఫోల్డర్‌ను ఐకాక్ల్స్ (icacls) అనే అనుమతుల కమాండ్‌లోని రీసెట్ స్విచ్‌తో పై ఫోల్డర్ అనుమతులకు తేవచ్చు.

ప్రశ్నపత్రాల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అవి షేర్డ్ డ్రైవ్‌లో ఉండకూడదు, ఎన్ని అనుమతులు బిగించినా సరే. సర్వర్ నిర్వాహకుడు ఏ ఫోల్డర్ యాజమాన్యాన్నయినా తీసుకోగలడు. విండోస్ అలాగే తయారైంది. ఏదైనా జరిగితే మొదట మీ వైపే చూస్తారు. విద్యార్థుల ఆధార్ ప్రతులు, కుల ధ్రువీకరణ పత్రాలు కూడా 'అందరికీ' ఫోల్డర్లలో ఏళ్ల తరబడి పడి ఉండటం చూస్తూనే ఉన్నాం. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా లేకపోయినా, తన కాగితాలు ఎవరు పడితే వారు చూడకూడదని ఆశించే హక్కు ఆ విద్యార్థికి ఉంది.

తరలింపు ఎలా చేయాలి

మొదట ఉన్నదాన్ని రాతలో పెట్టుకోండి. ఐకాక్ల్స్‌లో సేవ్ స్విచ్ వాడితే డ్రైవ్ మొత్తం అనుమతులు ఒక ఫైలులోకి వస్తాయి. ఏదైనా తేడా వస్తే రిస్టోర్ స్విచ్‌తో వెనక్కి పెట్టవచ్చు. ఒక్కో మనిషి గురించి సందేహం వస్తే 'అడ్వాన్స్‌డ్' లోని 'ఎఫెక్టివ్ యాక్సెస్'లో పేరు ఇచ్చి చూడండి.

తర్వాత సహకరించే చిన్న విభాగం ఒకటి ఎంచుకోండి. వేసవి సెలవులు మంచి సమయం. ఫలితాల వేళ మాత్రం ఈ పని తలపెట్టకండి. విండోస్‌లోని రోబోకాపీ కమాండ్‌తో కొత్తచోటికి కాపీ చేయండి. అది మామూలుగా ఫైలులోని సమాచారం, లక్షణాలు, తేదీలు మాత్రమే తీసుకెళ్తుంది, అనుమతులను తీసుకెళ్లదు. మనకు కావాల్సింది అదే. భద్రతా సమాచారాన్ని కూడా తెచ్చే స్విచ్ ఇస్తే పాత చిక్కుముడి మొత్తం కొత్త ఇంట్లోకి వచ్చేస్తుంది. మిర్రర్ స్విచ్ వాడేటప్పుడు గమ్యాన్ని రెండుసార్లు చూసుకోండి, మూలంలో లేనివాటిని అది గమ్యంలో తొలగిస్తుంది. కాపీ అయ్యాక పాతదాన్ని వెంటనే తీసేయకుండా చదవడానికి మాత్రమే ఉంచండి. ఎవరూ అడగడం లేదని తేలాక తీసేయవచ్చు.

తరలింపులో తెలుగు పేర్లు ఒక ఇబ్బంది పెడతాయి. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫైలు పూర్తి దారి 260 అక్షరాలు దాటకూడదు. ఆ లెక్కలో మనకు ఒక అక్షరంగా కనిపించేది ఒకటి కాదు. 'శ్రీ' అంటే నాలుగు, 'స్త్రీ' అంటే ఆరు. తెలుగు శాఖలో వాక్యాల్లాంటి ఫోల్డర్ పేర్లు ఒకదానిలో ఒకటి ఉంటే ఈ హద్దు ఇట్టే దాటుతుంది, ఆ ఫైలు తెరుచుకోదు, తొలగదు. అనుమతి సమస్య అనుకుని అక్కడ గంటలు పోగొట్టుకోకండి, ముందు దారి పొడవు చూడండి. లైనక్స్ సర్వర్లలో పేరుకు హద్దు 255 బైట్లు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. అంటే 85 సంకేతాల దగ్గరే పేరు ఆగిపోతుంది.

సర్వర్ ముందు కూర్చున్నప్పుడు ఒక జాగ్రత్త. ఏదైనా ఫోల్డర్ తెరవబోతే 'మీకు అనుమతి లేదు' అంటూ 'కంటిన్యూ' బొత్తాం చూపిస్తుంది. అది నొక్కితే మీ సొంత పేరు ఆ ఫోల్డర్ అనుమతుల్లో శాశ్వతంగా చేరిపోతుంది. నిర్వాహకుల పేర్లు ఎక్కడపడితే అక్కడ కనిపించడానికి కారణం ఇదే. నిర్వాహక హక్కులతో తెరిచిన కమాండ్ విండోలో ఆ పని చేసుకోండి.

ఇంకొకటి. ఒక ఉద్యోగి కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) వస్తే, ఆ ఉద్యోగి ఎక్కడెక్కడ రాయగలరో అక్కడల్లా అది రాయగలదు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. అది ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే విండోస్ పద్ధతి) పాత మొదటి వెర్షన్‌లోని లోపాన్ని పట్టుకుని పాకింది. మీ సర్వర్‌లో ఆ వెర్షన్ ఇంకా ఆన్‌లో ఉంటే ఈ రోజే ఆపండి; పాత స్కానర్ ఏదైనా దాని మీద ఆధారపడి ఉంటే ఆ స్కానర్‌కు వేరే దారి చూడండి. 'ఎందుకైనా మంచిది' అని అందరికీ ఇచ్చిన రాసే అనుమతులన్నీ అలాంటి రోజున నష్టంగా మారతాయి.

సర్వర్ లైనక్స్ మీద సాంబాతో (లైనక్స్‌ను విండోస్ ఫైల్ సర్వర్‌లా పనిచేయించే ప్రోగ్రామ్) నడుస్తుంటే సూత్రం అదే, పనిముట్లు వేరు. విభాగం ఫోల్డర్‌కు గ్రూపు పెట్టి 2770 (యజమానికీ గ్రూపుకూ అన్ని హక్కులు, బయటివారికి ఏవీ లేవు) ఇవ్వండి. ముందున్న 2 వల్ల లోపల కొత్తగా వచ్చే ఫైళ్లన్నీ సృష్టించినవారి గ్రూపుకు కాకుండా ఫోల్డర్ గ్రూపుకు చెందుతాయి. ఒకటికన్నా ఎక్కువ గ్రూపులు కావాలంటే డిఫాల్ట్ ఏసీఎల్ (లోపల కొత్తగా వచ్చేవాటికి తనంతట తానే వర్తించే అనుమతుల పట్టిక) వాడండి. పని ఆగిపోయిందని 777 (అందరికీ అన్ని హక్కులు) పెట్టడం మాత్రం పరిష్కారం కాదు.

విరమణ చేసినవారి ఫోల్డర్లు

ఇవి తెరుచుకోకపోవడానికి కారణం, వ్యక్తిగత ఫోల్డర్లను ఆ ఒక్కరికే హక్కులు ఉండేలా సృష్టించి ఉంటారు. తర్వాత అకౌంటును తొలగించారు. ఇప్పుడు అనుమతుల పట్టికలో పేరుకు బదులు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవైన అంకె మాత్రమే కనిపిస్తుంది. అదే పేరుతో మళ్లీ అకౌంటు తెరిచినా లాభం లేదు, కొత్త అకౌంటుకు కొత్త అంకె వస్తుంది.

ముందుగా శాఖాధిపతి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, వీలైతే ఆ ఆచార్యులకే ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోల్డర్‌లో సొంత ఉత్తరాలు, ఫొటోలు ఉండే అవకాశం ఉంది; అవి ఏరుకుని తీసుకెళ్లే అవకాశం ఆయనకు ఇవ్వడం మర్యాద. తర్వాత టేక్‌ఓన్ కమాండ్‌తో యాజమాన్యాన్ని మీ పేరుకు కాకుండా నిర్వాహకుల గ్రూపుకు మార్చండి, ఐకాక్ల్స్ రీసెట్‌తో అనుమతులు సరిచేయండి. పాఠాలు, పరిశోధన సమాచారం విభాగం ఫోల్డర్లలోకి కాపీ చేయించండి.

ఇకముందు ఎవరైనా విరమణ చేస్తే అకౌంటును వెంటనే తొలగించకుండా డిజేబుల్ చేసి ఉంచండి. లాగిన్ ఆగిపోతుంది, ఫోల్డర్ల మీద మాత్రం అంకెకు బదులు పేరు కనిపిస్తూ ఉంటుంది. ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో ఐకాక్ల్స్‌లోని ఫైండ్‌సిడ్ స్విచ్‌తో వెతికి, ఒక్కొక్కటీ గ్రూపుకు మార్చి, అంతా అయ్యాకే అకౌంటును తీసేయండి.